సున్నా కనపడని కాటా

మధ్యాహ్నం ఒకటిన్నరకి గురవమ్మ కిటికీకి గోనెపట్టా కట్టి దాని మీద రెండు చెంబుల నీళ్ళు చల్లింది. గదిలో వెలుగు తగ్గి తడి గోనె వాసన వచ్చింది. చాపల మీద పద్దెనిమిది మంది పిల్లలు ఎటువాళ్ళటు పడుకుని ఉన్నారు. కొందరికి అప్పుడే నిద్రపట్టింది. కొందరు నిద్రపోతున్నట్టు నటిస్తూ నటిస్తూ నిజంగానే నిద్రలోకి జారిపోతున్నారు. ఊరి చివర కల్లాల్లో ఆరబోసిన మిరపకాయల ఘాటు, గాలి తిరిగినప్పుడల్లా సన్నగా లోపలికి వస్తోంది. ఆ ఘాటుకి ఒకడు నిద్రలోనే తుమ్మాడు. ఒక పిల్ల లేచి కూర్చుని, చుట్టూ చూసి, అందరూ పడుకుని ఉండటంతో తనూ మళ్ళీ పడుకుంది.

ఆ అంగన్‌వాడీలో గురవమ్మ ఆయా. వంట చెయ్యటం, గది ఊడవటం, పిల్లల మూతులు కడగటం ఆమె పని. పాటలు నేర్పటం, రికార్డులు రాయటం, ఫోన్‌లో వివరాలు ఎక్కించటం టీచర్ శ్రీరమ్య పని. పిల్లలు నిద్రపోయే ఈ గంట మాత్రం ఎవరిది వాళ్ళది. శ్రీరమ్య ఏడాది దాటిన కొడుకు విహాన్‌ని ఒళ్ళో వేసుకుని గోడకి ఆనుకుని కునుకు తీస్తుంది. గురవమ్మ గుమ్మం పక్కన బాసింపట్టు వేసుకుని, ఒక చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుని, పదో తరగతి లెక్కలు చేస్తుంది. రెండో చెవి పిల్లల కోసం.

నలభై రెండేళ్ళ వయసులో ఓపెన్ స్కూల్లో పది కట్టింది. వచ్చే సోమవారం లెక్కల పరీక్ష. అది గట్టెక్కితే, ఎప్పుడో ఒకప్పుడు తనూ టీచరయ్యే దారి ఉంటుంది. లేకపోతే ఈ గరిటె ఈ చేతిలోనే ఉంటుంది.

ఫోన్‌లో సిలార్ మాస్టారు మాట్లాడుతున్నాడు.

“అమ్మా, నమస్తే. మీరు పంపిన ఫొటో చూశాను. రెండో మెట్టు దాకా చక్కగా ఉంది. మూడో మెట్టులో ఒక మైనస్ కనపడటం లేదు. అది ఎక్కడ జారిపోయిందో మీరే వెతకండి. దొరక్కపోతే మళ్ళీ రాయండి.”

ఆయన్ని గురవమ్మ ఎప్పుడూ చూడలేదు. ‘లెక్కల సందేహాలు’ అని ఆన్‌లైన్‌లో ఒక పేజీ ఉంది. రాని లెక్కని ఫొటో తీసి అందులో పెడితే, తెలిసినవాళ్ళు ఎవరో ఒకరు చెప్తారు. ఆమె పెట్టినవాటికి మాత్రం మొదటిరోజు నుంచీ ఆయనే గొంతు రికార్డు చేసి జవాబు పంపుతున్నాడు. ఏ ఊరో తెలీదు. పెద్దవాడని గొంతుని బట్టి తెలుస్తుంది. ఆ గొంతు వెనకాల పావురాలు కూస్తుంటాయి, ఫ్యాను కిర్రుమంటుంటుంది. ఆ చప్పుళ్ళతోనే గురవమ్మ ఆయనకి ఒక ఇల్లు కట్టింది. ఎత్తయిన కిటికీ, గూట్లో పుస్తకాలు, నేల మీద ఎండ చారలు.

కెమెరా చూపిస్తే చాలు, లెక్క మొత్తం మెట్లతో సహా చేసిపెట్టే యాప్ కూడా ఆమె ఫోన్‌లో ఉంది. మొదట్లో దాన్నే వాడింది. నోటుపుస్తకం నిండింది గానీ, పుస్తకం మూశాక తలలో ఏమీ మిగల్లేదు. సిలార్ మాస్టారు జవాబు చెప్పడు. అడుగుతాడు. ఆయన అడిగినదానికి బదులు వెతుక్కుంటూ పోతే, ఎప్పుడో తెలీకుండానే లెక్క అయిపోయి ఉంటుంది.

జారిపోయిన మైనస్ రెండో మెట్టు చివర, బ్రాకెట్ పక్కనే దొరికింది. గురవమ్మ దానికి చుట్టూ సున్నా చుట్టి తనలో తను నవ్వుకుంది.

మూడింటికి పిల్లలు లేచారు. ఆ రోజు గురువారం, బరువులు తూసే రోజు. వరండాలో దూలానికి ఉన్న కొక్కేనికి గురవమ్మ కాటా తగిలించింది. గుండ్రటి ముఖం, మధ్యలో ముల్లు, కింద పిల్లల్ని కూర్చోబెట్టే గుడ్డ ఉయ్యాల. ఐదు నెలల కిందటి తుపానుకి గదిలో కారిన నీళ్ళు అద్దం లోపలికి పోయి, ముఖం మీద సున్నా నుంచి నాలుగు దాకా తుప్పు పట్టేసింది. ఖాళీగా ఉన్నప్పుడు ముల్లు ఆ తుప్పులోనే ఎక్కడో పడుకుని ఉంటుంది. నాలుగు కిలోలు దాటాక బయటికొచ్చి తిన్నగా పనిచేస్తున్నట్టే కనపడుతుంది. నాలుగు కిలోల లోపు పిల్లలెవరూ ఇక్కడికి రారు కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు.

గురవమ్మ ఒక్కొక్కరినీ ఎత్తి కూర్చోబెడుతోంది. ముల్లు ఊగటం ఆగాక శ్రీరమ్య చదివి, చార్టు చూసి, ఫోన్‌లో ఎక్కిస్తోంది.

“ఏసుబాబు, పన్నెండు పాయింటు ఆరు. తర్వాత వాడి అక్క.”

ఏసుబాబు, స్తుతి కవలలు. ఎలీషా, శాంతిల పిల్లలు. మూడేళ్ళు నిండాయి. తల్లీ తండ్రీ ఇద్దరూ మిరపకోతల్లో ఉన్నారు. స్తుతి ఎక్కడ కూర్చోబెడితే అక్కడే ఉంటుంది. ఒళ్ళోకి తీసుకుంటే ఆమె మోకాళ్ళు గురవమ్మ చేతికి పుల్లల్లా తగులుతాయి.

“పది పాయింటు తొమ్మిది. ఆకుపచ్చలోనే ఉందిలే,” అంది శ్రీరమ్య, వేలితో చార్టు మీద గీత వెంట పోతూ. “పది ఎనిమిది కంటే తగ్గితే పసుపు. గీత మీద నడుస్తోంది ఈ పిల్ల.”

ఉయ్యాల్లో వేలాడుతూ స్తుతి ఏడుపు మొదలుపెట్టింది. పెద్దగా కాదు, సన్నగా, ఆగకుండా. కింద నుంచి తమ్ముడు ఆమె కాలు పట్టుకుని లాగుతున్నాడు. ఊరుకుంటుందని గురవమ్మ వాణ్ణి కూడా ఎత్తి ఆమె పక్కనే కూర్చోబెట్టింది. ఇద్దరూ ఒకరినొకరు పట్టుకుని, గాల్లో కొంచెం తిరిగి, ఆగారు. ఏడుపు ఆగింది. ముల్లు కూడా ఆగింది.

ఇరవై రెండు పాయింటు ఒకటి.

లెక్కలు మొదలుపెట్టినప్పటి నుంచీ గురవమ్మకి కనపడిన అంకెల్ని కూడటం అలవాటైంది. బస్సు నంబర్లు, గుడ్లట్టల మీద తేదీలు, ఏవైనా సరే. పదీ తొమ్మిదికి పన్నెండూ ఆరు కలిపితే ఇరవై మూడున్నర రావాలి. ఆమె ముల్లుకేసి మళ్ళీ చూసింది. ఇరవై రెండూ ఒకటే.

“టీచర్,” అంది.

“తర్వాతవాణ్ణి ఎక్కించు గురవమ్మా, బస్సు టైమవుతోంది,” అంది శ్రీరమ్య తలెత్తకుండా.

*

సాయంత్రం ఇంట్లో పొయ్యి మీద అన్నం ఉడుకుతుండగా గురవమ్మ ఫోన్ తీసి పేజీలో రాసింది. ‘ఒక కాటా మీద ఒక పాపని తూస్తే 10.9 వచ్చింది. ఆమె తమ్ముణ్ణి తూస్తే 12.6. ఇద్దర్నీ కలిపి తూస్తే 22.1. మిగతా బరువు ఎక్కడికి పోయింది?’

శుక్రవారం, పిల్లలు నిద్రపోయాక, జవాబు విన్నది.

“అమ్మా, మంచి లెక్క పంపారు. బరువు ఎక్కడికీ పోదు. పోయినట్టు కనపడుతోందంటే, అంతకుముందు ఎక్కడో లేని బరువు వచ్చి చేరి ఉండాలి. ఆ కాటా తన సొంతంగా కొంత కలుపుతోందనుకోండి. ఎంత కలుపుతోందో మనకి తెలీదు. తెలీదు కాబట్టే దానికొక పేరు పెట్టండి. పేరు పెట్టాక దాన్ని మిగతావాటితో పాటే నడిపించవచ్చు. x అనే పెట్టక్కర్లేదు. మీకు నచ్చింది పెట్టుకోండి.”

పావురాలు కూశాయి. మెసేజ్ అయిపోయింది.

గురవమ్మ నోటుపుస్తకం తెరిచింది. స్తుతి బరువు స. ఏసుబాబు బరువు ఏ. కాటా కలిపేది క. మూడు వరసలు రాసింది.

స + క = 10.9
ఏ + క = 12.6
స + ఏ + క = 22.1

రాసి, వాటిని చూస్తూ కూర్చుంది. తడి గోనె మీద నుంచి వస్తున్న గాలి చల్లగా మొహానికి తగులుతోంది. పత్తి చేలు పీకేసి నెల దాటినా ఎక్కడి నుంచో ఒక పింజ గాల్లో తేలుతూ వచ్చి, నిద్రపోతున్న పిల్లల మీదుగా, దిగాలా వద్దా అన్నట్టు మెల్లగా పోతోంది. గురవమ్మ కళ్ళు మూతపడ్డాయి. దూలానికి వేలాడుతున్న గుడ్డ ఉయ్యాల కనపడింది. స్తుతి ఎక్కింది. ఆమెతో పాటు ఇంకో బిడ్డ ఎక్కింది. ఎవరికీ కనపడని బిడ్డ. స్తుతి దిగాక ఆ బిడ్డా దిగింది. ఏసుబాబు ఎక్కాడు, ఆ బిడ్డ మళ్ళీ ఎక్కింది. చివరికి ఇద్దరూ కలిసి ఎక్కారు. అప్పుడు మాత్రం ఆ బిడ్డ ఒక్కసారే ఎక్కింది.

గురవమ్మ కళ్ళు తెరిచింది. పింజ ఇంకా గాల్లోనే ఉంది.

విడివిడిగా తూసినప్పుడు రెండుసార్లు. కలిపి తూసినప్పుడు ఒకసారి. మొదటి రెండు వరసలు కూడింది. స, ఏ, రెండు క-లు, మొత్తం 23.5. అందులోంచి మూడో వరస తీసేసింది. స పోయింది, ఏ పోయింది, ఒక క పోయింది. ఒక్క క మిగిలింది.

క = 1.4

కిలో నాలుగు వందల గ్రాములు. పది తొమ్మిదిలోంచి అది తీస్తే తొమ్మిదిన్నర. చార్టు తీసి, మూడేళ్ళ ఆడపిల్లల గీత మీద వేలు పెట్టి కిందికి జరిపింది. ఆకుపచ్చ దాటింది. పసుపు దాటింది. వేలు ఎరుపులో ఆగింది.

‘జవాబు వచ్చాక సరిచూడకుండా పుస్తకం మూయకండి’ అని సిలార్ మాస్టారు ప్రతిసారీ అంటాడు. గురవమ్మ చప్పుడు కాకుండా లేచి, బీరువాలోంచి విప్పని బాలామృతం పిండి ప్యాకెట్లు రెండు తీసింది. ఒక్కోటి రెండున్నర కిలోలు. వరండాలోకి వెళ్ళి, కాటా తగిలించి, ప్యాకెట్లని పిల్లల్ని కూర్చోబెట్టినట్టే జాగ్రత్తగా ఉయ్యాల్లో పెట్టింది. ముల్లు తుప్పులోంచి బయటికొచ్చి, ఐదు దాటి, ఆరు దాటి, ఆరూ నాలుగు దగ్గర నిలబడింది.

ఆమె చాలాసేపు దాన్నే చూస్తూ నిలబడింది. లెక్క కుదిరిన సంతోషం ముందు వచ్చింది. దాని వెనకాలే, పచ్చి మిరపకాయ కొరికినట్టు, స్తుతి నిజంగానే ఎరుపులో ఉందన్న సంగతి వచ్చింది.

శ్రీరమ్య లేచాక గురవమ్మ నోటుపుస్తకం ఆమె ముందు పెట్టి, వేలు పెట్టి ఒక్కో వరసా చూపించి చెప్పింది. ప్యాకెట్ల సంగతీ చెప్పింది. శ్రీరమ్య నిద్రమొహంతో మొదటి రెండు వరసలు చూసి, పుస్తకం వెనక్కి తోసింది.

“పిల్లలు కదిలుంటారు. ముల్లు సరిగ్గా ఆగి ఉండదు.”

“ఆగిందమ్మా. నేను చూశాగా.”

“ప్యాకెట్ మీద రాసినంతే ఖచ్చితంగా ఉంటుందని ఏంటి?”

“ఒక్క ప్యాకెట్‌కి తేడా వచ్చిద్దేమో టీచర్. కానీ పిల్లల లెక్కలో వచ్చిందీ, ప్యాకెట్ల లెక్కలో వచ్చిందీ రెండూ ఒకటే.”

శ్రీరమ్య కొడుకుని భుజం మీదికి మార్చుకుంది. “ఐదు నెలల బరువులు ఎక్కించాం గురవమ్మా. ఇప్పుడు ఇవన్నీ తప్పంటే హనుమాయమ్మ మేడం నన్నేమంటారు? మా వాణ్ణీ దీని మీదే చూస్తున్నాను. నెలనెలా పెరుగుతూనే ఉన్నాడు. నీ లెక్కలు సోమవారం పరీక్షలో చేసుకో.”

కోపంగా అనలేదు. అలిసిపోయినదానిలా అంది. గురవమ్మ పుస్తకం తీసుకుని, పాలు కాచటానికి వెళ్ళింది. పాల గ్లాసులు అందిస్తున్నప్పుడు స్తుతి తన గ్లాసు రెండు చేతుల్తో పట్టుకుని, తాగకుండా, లోపల పాలకేసి చూస్తూ కూర్చుంది. గురవమ్మ ఆమె ముందు గొంతుక్కూర్చుంది.

“తాగమ్మా.”

స్తుతి ఒక గుక్క తాగి గ్లాసు దించేసింది.

ఇంటికెళ్ళే దారిలో మిరపచేల గట్టు మీద గురవమ్మ కాసేపు ఆగింది. దూరంగా కోత కూలీలు వరసగా వంగి ఉన్నారు. అందులో శాంతి ఎవరో పోల్చుకోవటం కష్టం. తలకి గుడ్డ కట్టుకుని అందరూ ఒకేలా ఉన్నారు. వెళ్ళి చెప్పాలనుకుంది. ఏమని చెప్పాలి? బరువు చెప్పాల్సింది టీచర్. ఆసుపత్రికి చీటీ రాయాల్సింది టీచర్. ఆయా నోటిమాట మీద కూలి మానుకుని ఎవరు పోతారు? ఎండ వాలి చేలన్నీ ఒకటే ఎరుపుగా మారాయి. ఆ ఎరుపు అద్దకం పెట్టినట్టు ఆమె చీర అంచు మీదికీ, చేతుల మీదికీ పాకింది. గురవమ్మ చేతులు దులుపుకున్నా పోలేదు.

*

శనివారం పొద్దున ఎనిమిదింటికి, పొయ్యి వెలిగించటానికి గురవమ్మ వచ్చేసరికి తాళం తీసి ఉంది. శ్రీరమ్య పర్చూరు నుంచి తొమ్మిదిన్నర బస్సుకి గానీ రాదు. గురవమ్మ చెప్పులు విడిచి వరండా మెట్లెక్కి ఆగిపోయింది.

దూలానికి కాటా వేలాడుతోంది. ఉయ్యాల్లో విహాన్ ఉన్నాడు. వాడు హాయిగా కాళ్ళాడిస్తూ తల్లి జడ పట్టుకుని లాగుతున్నాడు. శ్రీరమ్య ముల్లుకేసి చూస్తోంది. ఎంతసేపటి నుంచి అలా నిలబడి ఉందో, భుజాన బ్యాగు కూడా తీయలేదు.

“ఎనిమిది తొమ్మిది,” అంది వెనక్కి తిరగకుండా. “నిన్న ఇంటికెళ్తూ కిరాణాకొట్లో ఎలక్ట్రానిక్ కాటా మీద కూర్చోబెట్టాను. ఊరికే. నువ్వు చెప్పింది తప్పని చూద్దామని. ఏడున్నర వచ్చింది. కొట్టువాణ్ణి ఇంకోసారి చూడమన్నాను. అంతే వచ్చింది.”

గురవమ్మ కూడా ముల్లుకేసి చూసింది.

“కిలో నాలుగొందలు. సరిగ్గా నువ్వు చెప్పినంతే.” శ్రీరమ్య ఉయ్యాల ఊగకుండా చేత్తో పట్టుకుంది. “మా అత్త అంటూనే ఉంది, పిల్లోడు తేలిగ్గా ఉన్నాడని. నేనేమో ఆకుపచ్చలో ఉన్నాడు, నీకు తెలీదు అని పోట్లాడాను. ఊరందరికీ చెప్పేదాన్ని, నాకు తెలీదా అని.”

గురవమ్మ వెళ్ళి విహాన్‌ని ఉయ్యాల్లోంచి ఎత్తుకుంది. వాడు ఆమె మెడ చుట్టూ చెయ్యి వేశాడు. నిజంగానే తేలిగ్గా ఉన్నాడు. రోజూ ఎత్తుకునే పిల్లాడు. తన చేతులకి తెలిసి ఉండాల్సింది.

“ఎండలు కదమ్మా. పాలతో పాటు పెట్టేది కొంచెం పెంచుదాం. నెలలో లేస్తాడు,” అంది.

శ్రీరమ్య బ్యాగు కింద పెట్టి, కొంగుతో మొహం తుడుచుకుంది. వరండా అంచు మీద కూర్చుని, పక్కన చోటు చూపించింది.

“గురవమ్మక్కా, ఆ లెక్క మళ్ళీ ఒకసారి చెప్పండి. మేడంకి నేను చెప్పాలిగా. నాకు అర్థమయ్యేట్టు చెప్పండి.”

పదహారేళ్ళుగా ఈ సెంటర్లో నలుగురు టీచర్ల దగ్గర పనిచేసింది గురవమ్మ. ‘చెప్పండి’ అన్న మాటకి ఆమె ఒక్కక్షణం వెనక్కి తిరిగి చూసింది, గుమ్మంలో ఇంకెవరైనా వచ్చారేమోనని. తర్వాత కూర్చుని, పుస్తకం తెరిచి, కనపడని బిడ్డ సంగతి దగ్గర మొదలుపెట్టింది.

పదింటికల్లా పిల్లలందర్నీ మళ్ళీ తూశారు. ఈసారి గురవమ్మ ముల్లు చూసి చెప్పింది, శ్రీరమ్య ఒకటీ నాలుగు తీసేసి రాసింది. ఏడుగురు పసుపులోకి దిగారు. ఎరుపులోకి దిగింది ఒక్కతే, స్తుతి. ఫోన్‌లో ఎక్కిస్తుంటే ఒక్కొక్క పేరు దగ్గరా ‘బరువు తగ్గింది, సరైనదేనా?’ అని అడుగుతోంది. శ్రీరమ్య ‘అవును’ నొక్కుతూ పోయింది.

పదిన్నరకి హనుమాయమ్మ ఫోన్ చేసింది. ఆమె ఈ చుట్టుపక్కల సెంటర్లకి సూపర్‌వైజర్. స్పీకర్ పెట్టకపోయినా గొంతు వరండా దాకా వినపడింది.

“ఏంటమ్మా శ్రీరమ్యా, రెండు రోజుల్లో ఎనిమిది మంది పిల్లలు చిక్కిపోయారా?”

“రెండు రోజుల్లో కాదు మేడం. ఐదు నెలల నుంచీ అంతే ఉన్నారు. మన కాటా తప్పు. ఎంత తప్పో లెక్క కట్టాం.”

“ఎవరు కట్టారు?”

శ్రీరమ్య గరిటెతో పప్పు కలుపుతున్న గురవమ్మకేసి చూసింది. “గురవమ్మగారు కట్టారు మేడం. ఇస్తున్నాను, మాట్లాడండి.”

గురవమ్మ చెయ్యి తుడుచుకుని ఫోన్ తీసుకుంది. ఐదు నిమిషాలు మాట్లాడింది. హనుమాయమ్మ మధ్యలో రెండు ప్రశ్నలు వేసింది.

“సోమవారం కొత్త కాటా పంపిస్తాను,” అంది చివరికి. “ఆ ఎరుపులో ఉన్న పిల్లని ఆగకుండా ఇవాళే గుంటూరు తీసుకుపోండి. పెద్దాసుపత్రిలో చిక్కిపోయిన పిల్లల్ని పెట్టే వార్డుంది. నేను ఫోన్ చేసి చెప్తాను. తల్లి ఒప్పుకోవాలి, చూసుకోండి.”

*

శాంతి కోస్తున్న చేను చెరువుకట్ట అవతల ఉంది. కాయ పండి మొక్కలు వంగిపోయి ఉన్నాయి. శాంతి ఎడమచేత్తో కొమ్మ పట్టుకుని, కుడిచేతి బొటనవేలితో తొడిమ దగ్గర నొక్కి, ఒక్క మెలికతో కాయ తెంపి నడుముకి కట్టిన గోనెలో వేస్తోంది. రెండు చేతులూ కొబ్బరినూనె పూసి మెరుస్తున్నాయి. అయినా గోళ్ళ చుట్టూ చర్మం మంటకి ఉబ్బి ఉంది. గురవమ్మ చెప్పింది వింటూ కూడా చేతులు ఆపలేదు.

“మొన్న గురువారం పిల్ల బాగుందన్నారంటగా.”

“అన్నాం. మేం తప్పు చెప్పాం శాంతీ.”

శాంతి చేతులు ఆగాయి.

“ఎన్నాళ్ళ నుంచి?”

“ఐదు నెలలు. కాటా తప్పు చూపిస్తంది, మేం గమనించలా.”

“నేను చెప్పా గదక్కా. అప్పుడే చెప్పా. పిల్ల ముద్ద నోట్లో పెట్టుకుని మింగట్లేదని. టీచరమ్మ చార్టు చూపించి, ఏం భయం లేదంది. పెద్ద చదువులు చదివినోళ్ళు, మిషన్ ఉంది, వాళ్ళకి తెలియకుండా ఉండిద్దా అనుకున్నా.” ఆమె గొంతు పెరగలేదు. “నా కళ్ళకి కనపడతానే ఉంది. అయినా మీ మాటే నమ్మా.”

కొమ్మల మధ్య నుంచి వేడి ఆవిరి లేస్తోంది. ఆ ఆవిరిలో దూరంగా కోస్తున్న మనుషులు నీళ్ళలో ఉన్నట్టు అలలు అలలుగా కదులుతున్నారు. పిట్టలు కూడా అరవటం లేదు.

“ఎన్ని రోజులుండాలి?” అడిగింది శాంతి.

“పద్నాలుగు రోజులంట. తల్లి దగ్గరుండాలి. తిండి వాళ్ళే పెడతారు.”

“ఇంకో వారం కోత ఉంది. మధ్యలో పోతే మేస్త్రి వచ్చే ఏడు పిలవడు.”

“మేస్త్రితో నేను మాట్లాడతా.”

“ఏసుబాబు? వాడు లేకపోతే ఇది ఏడ్చి ఏడ్చి ఉన్నది కూడా తినదు.”

“వాణ్ణీ తీసుకుపోదాం. నేనూ వస్తా. వార్డు వాళ్ళతో నేను చెప్తా.”

“నీకు ఎల్లుండి పరీక్షంటగా.”

“ఎల్లుండి కదా,” అంది గురవమ్మ.

శాంతి అవతల కోస్తున్న ఎలీషాకి కేకేసి సంగతి చెప్పి, నడుముకి కట్టిన గోనె విప్పింది. అందులో కాయల్ని పట్టా మీద కుప్పగా పోసి, ఒకటి రెండు పక్కకి దొర్లితే వాటినీ తీసి కుప్పలో వేసింది. కట్ట పక్కన కాలవ నీళ్ళతో చేతులు కడుక్కుంది. ఒకసారి కాదు, మూడుసార్లు, మట్టితో రుద్ది మరీ కడుక్కుంది. ఘాటు చేతులతో పిల్లని ముట్టుకోకూడదని.

సెంటరుకి వచ్చేసరికి శ్రీరమ్య పొయ్యి దగ్గర నిలబడి, మాడకుండా పప్పు కలుపుతోంది. చీటీ రాసి ఉంచింది. గురవమ్మ చేతికి ఇచ్చి, శాంతికేసి చూసింది. స్తుతికి గౌను మార్చి తల దువ్వింది.

గుంటూరు బస్సులో ఎండకి కిటికీలకి తువ్వాళ్ళు కట్టారు. సగం దూరం పోయాక పిల్లలిద్దరూ ఒకరి మీద ఒకరు వాలి నిద్రపోయారు. శాంతి కూడా కూర్చునే నిద్రపోయింది. గురవమ్మ ఫోన్ తీసింది. సిలార్ మాస్టారి నుంచి ఒక మెసేజ్ వచ్చి ఉంది.

“అమ్మా, మీ కాటా లెక్క మా మనవరాలికి కూడా చెప్పాను. బాగుందంది. ఏ పుస్తకంలోది అది? నా దగ్గరున్న పుస్తకాల్లో లేదు.”

గురవమ్మ ఫోన్ నోటి దగ్గర పెట్టుకుని, మెల్లగా, బస్సు చప్పుడులో వినపడుతుందో లేదో అనుకుంటూనే, జరిగిందంతా చెప్పింది. పుస్తకంలోది కాదండీ అంది. పంపించి కళ్ళు మూసుకుంది. బస్సు ఊపుకి ఆమెకీ నిద్ర వచ్చింది.

వార్డులో నర్సు స్తుతిని తెల్లటి కాటా మీద కూర్చోబెట్టింది. ఎర్ర అంకెలు వెలిగి, మారి, ఆగాయి. 9.5. నర్సు రాసుకుంది. గురవమ్మ కూడా ఎందుకో వేలితో తన అరచేతిలో రాసుకుంది.

*

ఆదివారం ప్రార్థనకి పోయేవాళ్ళు పోయారు. ఊరు నిశ్శబ్దంగా ఉంది. శాంతినీ పిల్లల్నీ వార్డులో ఉంచి రాత్రికే తిరిగొచ్చిన గురవమ్మ, వేపచెట్టు నీడలో మంచం వేసుకుని పాత పేపర్లు చేసింది. మధ్యాహ్నం దాకా సిలార్ మాస్టారి నుంచి ఏమీ రాలేదు. మూడింటప్పుడు వచ్చింది.

“అమ్మా.” తర్వాత చాలాసేపు పావురాలే. “నిన్నటి నుంచి ఏం చెప్పాలా అని చూస్తున్నాను. ఆ పాప పేరేంటమ్మా?”

గురవమ్మ ‘స్తుతి’ అని రాసి పంపింది. పదినిమిషాలకి ఇంకోటి వచ్చింది.

“మంచి పేరు. రేపు పరీక్షలో తొందరపడకండి. వచ్చినవి ముందు చేయండి. రానిదాని దగ్గర కూర్చోవద్దు. అది అక్కడే ఉంటుంది.”

సోమవారం, పర్చూరు హైస్కూల్లో గది నిండా పెద్దవాళ్ళు చిన్న బెంచీల మీద మోకాళ్ళు ముడుచుకుని కూర్చున్నారు. గురవమ్మ పక్కన ఒక ఆర్టీసీ కండక్టరు, వెనకాల ఒక నర్సు. గురవమ్మ ప్రశ్నపత్రం రెండుసార్లు చదివింది. రెండు తెలియని రాశుల లెక్క ఆరోదిగా వచ్చింది. చేసి, సరిచూసి, కింద గీత గీసింది. పడవ వేగం, నీటి వేగం లెక్క పదిహేడోది. రెండు మెట్లు వేసింది, మూడోది తోచలేదు. కిటికీలోంచి తెల్లటి ఎండ బెంచీ మీద పడి మెల్లగా జరుగుతోంది. దాన్ని చూస్తూ ఒక్కనిమిషం కూర్చుని, పేజీ తిప్పేసింది. మిగతావన్నీ రాసింది.

బయటికొచ్చి, గేటు దగ్గర బడ్డీకొట్లో పెట్టిన ఫోన్ తీసుకునేసరికి శాంతి నుంచి నాలుగు కాల్స్ ఉన్నాయి. గోడ నీడలోకి జరిగి ఫోన్ చేసింది.

“ఏమైంది శాంతీ?”

“ఏం కాలేదక్కా. నర్సమ్మ ఏదో పాలగంజిలాగా చేసిచ్చింది. గిన్నెలో ఉన్నదంతా తాగేసింది. తాగి, గిన్నె నా ముందుకి తోసింది. ఇంకా పెట్టమంటంది. నర్సమ్మేమో లెక్క ప్రకారమే పెట్టాలి, రెండు గంటలాగి మళ్ళీ పెడదామంది. ఇదేమో ఊరుకోదే. ఏసుబాబు గిన్నె లాక్కుంది. వాడి ఇడ్లీ తినేస్తంది. ఏం చెయ్యను అక్కా, పెట్టనా వద్దా?”

“నర్సమ్మని అడుగు.”

“అడిగా. నవ్వుతా పోయింది. ఇదుగో, విను.”

శాంతి ఫోన్ పిల్ల దగ్గర పెట్టినట్టుంది. గిన్నె అంచుకి ఏదో తగిలిన చప్పుడు. ఏసుబాబు గొణుగుడు. తర్వాత దగ్గరగా, చిన్నగా, నమిలే చప్పుడు.

పరీక్ష రాసినవాళ్ళు గేటు దగ్గర గుంపులుగా నిలబడి జవాబులు సరిచూసుకుంటున్నారు. కండక్టరు ప్రశ్నపత్రం మడతపెట్టుకుంటూ ఆమె దగ్గరికొచ్చాడు.

“అమ్మా, ఆ పడవ లెక్క మీకెంత వచ్చింది?”

గురవమ్మ ఫోన్ చెవికి గట్టిగా ఆనించుకుని, ఆగమన్నట్టు అతనికి చెయ్యెత్తి చూపించింది. అవతల స్తుతి ఇంకా నములుతూనే ఉంది.